ఇల్లు–ఇల్లాలు: సొరుగు తాళము, దాని చెవి

వీధితలుపునకు తాళమెంత ముఖ్యమో మనకందరకు తెలియును. రాత్రి పడుకొనుటకు ముందు గడియ పడినదా లేదా యని రెండుమారులు చూచుకొందుము. కాని బీరువాలోని సొరుగునకు, అనగా వాడుకలో డ్రాయరని పిలుచుకొను దానికి, బిగించిన చిన్న తాళమును గూర్చి అంతగా ఆలోచింపము. అది బొటనవ్రేలంత యినుపముక్క. అయినను జగిత్యాలలోగాని, కోరుట్లలోగాని, సిరిసిల్లలోగాని ఒక సామాన్యగృహమున ఆ ముక్క వెనుక నేమేమి యుండునో లెక్కించి చూడుడు: పుట్టింటివారు పెట్టిన గొలుసు, బ్యాంకు పాసుపుస్తకము, పొలము పట్టాదారు పుస్తకము, బీడీలు చుట్టు ఇల్లాలి గుర్తింపుకార్డు, మహిళాసంఘపు లెక్కల పుస్తకము, గల్ఫుదేశమున పనిచేయు భర్త పాస్‌పోర్టు నకలు, పిల్లల జననపత్రములు. సంసారము సగము ఆ సొరుగులోనే యున్నది.

కావున ఈ నెల మన ముచ్చట సొరుగు తాళమును గూర్చియే. దాని బలము మూడుచోట్ల నుండును: తాళములోని యంత్రమునందు, దానిని పట్టియుంచిన కొయ్యయందు, తాళపుచెవి గల చేతియందు. మొదటి రెండును వడ్రంగి చూచుకొనును. మనము తెలిసికొని చేయించుకొనిన చాలును. మూడవది మాత్రము మనమే చూచుకొనవలయును. ఆ ప్రాంతములలో తాళపుచెవిని తాళపుచెయ్యి యని యందురు. ఈ విషయమున ఆ మాటయే చక్కగా నప్పినదని నాకు తోచుచున్నది. అది ఎవరి చేయి యన్నదే కదా అసలు ప్రశ్న!

తాళము లోపల

సొరుగు ముందుపలకను లోపలితట్టున తొలిచి, తాళమును అందులో కూర్చి మరమేకులతో బిగింతురు. చెవి త్రిప్పగా తాళములోని నాలుక పైకి లేచి, సొరుగుపైనున్న అడ్డకొయ్యలో తొలిచిన గాడిలో దూరును. నాలుక ఆ గాడిలో నున్నంతసేపు సొరుగు ముందునకు రాదు. మర్మమింతియే. వేరే చెవులు ఆ నాలుకను కదల్పకుండ లోపల ఎట్టి యడ్డు నిలిపినారన్నదానిలోనే తాళమునకు తాళమునకు భేదము.

అన్నిటికంటె చవుకతాళములో కదలని రేకులు కొన్ని అడ్డముగా నుండును. ఆ రేకులకు సరిపడు గాట్లు గల చెవి తిరుగును, తక్కినవి తగిలి నిలిచిపోవును. చూచుటకిది బాగుగనే యున్నను, సన్నగా అరగదీసిన చెవిగాని, వంచిన యినుపతీగగాని ఆ రేకులకు తగులకుండ పోయి నాలుకను త్రిప్పగలదు. ఇంటిలోని నాలుగు సొరుగులకు ఒక్కచెవియే పట్టుచున్నచో, అవి చాలవరకు ఈ జాతి తాళములే యని యెంచవచ్చును.

రెండవజాతి మీటల తాళము. అంగడివారు దీనిని లీవరు తాళమందురు. ఇందులో కదలు మీటలు కొన్ని ఒకదానిపై నొకటి పేర్చబడి యుండును. చెవి తనకున్న మెట్లతో ప్రతిమీటను దానికి తగిన యెత్తునకే లేపవలయును. తక్కువైనను నాలుక కదలదు, ఎక్కువైనను కదలదు. ఈ యుపాయమును 1778వ సంవత్సరమున ఇంగ్లండులో రాబర్ట్ బ్యారన్ అను నతడు కనిపెట్టెను. 1818లో చబ్బు అను వారు, పరాయిచెవి పెట్టి త్రిప్పినచో ఆ సంగతి యజమానునికి తెలియునట్లు దానిని మార్చిరి. మీటలెన్ని యున్నవో సాధారణముగా తాళముపైననే ముద్రించి యుండును. సొరుగునకు తాళము కొనునప్పుడు ఆ సంఖ్యను అడిగి, ఎక్కువ మీటలున్నదానినే తీసికొనుడు.

మూడవది పిన్నుల తాళము. ప్రాచీనకాలమున ఈజిప్టుదేశమువారు కొయ్యతో చేసికొనిన తాళములోని సూత్రమునే తీసికొని, అమెరికాలో లైనస్ యేల్ జూనియర్ అను నతడు 1861లో చిన్న ఇత్తడితాళముగా రూపొందించి హక్కుపత్రము పొందెను. చెవిమీది గాట్లు లోపలి పిన్నులను సరియైన యెత్తున నిలిపిననే గొట్టము తిరుగును. నేటి వీధితలుపుల తాళములు పెక్కు ఈ జాతివే.

ఇనుప బీరువాలకు, కచ్చేరిబల్లలకు కనిపించు గుండ్రని చిన్న తాళము నాలుగవజాతి. దానిలో పిన్నులకు బదులు పలుచని రేకుబిళ్ల లుండును. చెవి త్రిప్పగా వెనుకనున్న ఇనుపపట్టీ అడ్డముగా తిరిగి సొరుగును ఆపును. కొన్ని బల్లలలో ఇట్టి తాళ మొక్కటే వెనుక నొక కడ్డీని కదల్చి, అన్ని సొరుగులను ఒక్కసారిగా బంధించును. ఇది సౌకర్యమే కాని అంత గట్టిది కాదు. ఇట్టి తాళముల ముఖముపై పలుమారులు ఒక సంఖ్య చెక్కబడి యుండును. అది చెవిసంఖ్య, దానిని చూచుకొని మరియొక చెవిని కొని తెచ్చుకొనవచ్చును. మనకు వీలైనది పరులకును వీలగును కదా. ఆ సంఖ్యను మీ పుస్తకములో వ్రాసికొని, తాళముపై కనబడకుండ చేయుట మేలు.

మనదేశమునను తాళముల పనికి పేరుమోసిన యూళ్లున్నవి. ఉత్తరాదిని అలీగఢ్, దక్షిణాదిని దిండిగల్ అట్టివి. దిండిగల్ తాళమునకు 2019లో భౌగోళిక గుర్తింపు లభించెను. బొంబాయిలో గోద్రెజ్ సంస్థ 1897లో ఆరంభమైనదియు తాళముల పనితోడనే.

ఏ తాళమును ఎవరును తెరువలేరనుకొనుట మాత్రము భ్రమ. 1851లో లండనునందు జరిగిన మహాప్రదర్శనకాలమున హాబ్సు అను అమెరికాదేశస్థుడు, దుర్భేద్యమని పేరుపొందిన చబ్బుతాళమును చెవి లేకుండ అరగంటలోపల తెరచెను. బ్రామా అను వారి తాళమునకు అతనికి 16 దినములలో 51 గంటల పని పట్టెను. అతడంతటి నిపుణుడు. మన యిండ్లకు వచ్చు దొంగ నిపుణుడు కానక్కరలేదు, వానికి తాళముజోలియే అక్కరలేదు. ఏలయనగా వాడు కొయ్యను చూచును.

తాళమును పట్టిన కొయ్య

ఈ పరీక్ష నేడే చేసి చూడుడు. తాళము వేసిన సొరుగునకు పైనున్న సొరుగును పూర్తిగా వెలుపలికి లాగివేయుడు. ఆ ఖాళీలో చేయి పెట్టినచో క్రింది సొరుగులోని వస్తువులు చేతికి తగులుచున్నవా? తగిలినచో ఆ తాళము మీ కన్నులకే గాని పరుల చేతులకు అడ్డు కాదు. రెండు సొరుగులకు నడుమ ఒక పలుచని పలక అడ్డముగా కొట్టించినచో ఈ లోపము తీరును. లేదా విలువగల వస్తువులను అన్నిటికంటె పైసొరుగులో నుంచి, దానికే తాళము వేయవలయును.

రెండవ పరీక్ష. తాళపు నాలుకకొనకు కొంచెము కాటుక రాచి, సొరుగు మూసి తాళము వేసి తీయుడు. పైకొయ్య గాడిలో కాటుక యెంతలోతున అంటినదో చూడుడు. అంచున మాత్రమే అంటినచో సొరుగును గట్టిగా క్రిందికి నొక్కి లాగిన చాలును, నాలుక జారిపోవును. వడ్రంగిని పిలిచి గాడికి ఇత్తడిరేకు వేయించి, సందు తగ్గించుకొనుడు.

మూడవది వెనుకతట్టు. నేటి బీరువాలలో వెనుకపలక పలుచగా నుండి చిన్నమేకులతో అతుకబడి యుండును. బీరువాను గోడకు ఆనించి యుంచుడు. చెక్కపొట్టును అతికించి చేసిన పలకలలో మరమేకులు కొంతకాలమునకు వదులగును. అట్టిచోట పలకకు ఆవలివైపునకు పోవు బోల్టులతో తాళమును బిగింపుమని చెప్పుడు. పాత టేకుబీరువా యింటిలో నున్నచో అమ్ముకొనకుడు. దాని కొయ్య ఇప్పటి పలకలకంటె తాళమును గట్టిగా పట్టును.

నూగు, పొడి, వాన

సిరిసిల్లలో మరమగ్గములున్న యిండ్లలో నూలునూగు గాలిలో తేలుచుండును. కోరుట్లలో బీడీలు చుట్టు నింటిలో పొగాకుపొడి చేరును. జగిత్యాల పల్లెలలో పసుపు ఆడించి నిలువచేసినచోట ఆ పొడి యుండును. ఇట్టి యిండ్లలో తాళము గట్టిపడినదని కొబ్బరినూనెగాని వంటనూనెగాని పోయరాదు. మొదట మెత్తగా తిరుగును. తరువాత ఆ నూనెకు నూగును పొడియు అంటుకొని లోపల బంకవలె గట్టిపడును. దానికి బదులు పెన్సిలుముల్లును మెత్తగా నూరి, ఆ పొడిని చెవికి పూసి తాళములో నాలుగైదుమారులు త్రిప్పిన చాలును. ఏడాది కొకసారి కుంచెతో తాళపురంధ్రమును దులుపవలయును.

వానకాలమున కొయ్య ఉబ్బును. నాలుకయు గాడియు ఎదురెదురుగా నుండక తప్పుకొనును. అప్పుడు చెవిని బలవంతముగా త్రిప్పినచో అది తాళములోనే విరుగును. ఒకచేత సొరుగును లోపలికి నొక్కిపట్టి, రెండవచేత చెవిని త్రిప్పి చూడుడు. సొరుగు జారు పట్టీలకు మైనపువత్తి రుద్దినచో అది తేలికగా జారును.

దేనిని దాచవచ్చును?

ఇన్ని జాగ్రత్తలు తీసికొనినను సొరుగు తాళము ప్రధానముగా ఇంటిలో తిరుగు చేతులకే అడ్డు. పిల్లలచేతికి మందుబిళ్లలును పురుగుమందును అందకుండ, వచ్చిపోవువారి కన్ను నగలపై పడకుండ అది కాపాడును. గడ్డపారతో వచ్చువానిని కొలదినిమిషములు మాత్రమే ఆపును. కావున ప్రతిదినము ధరింపని బంగారమును బ్యాంకులాకరులో నుంచుట మంచిది. అక్కడి తాళమునకు రెండు చెవులు కావలయును. ఒకటి బ్యాంకువారిది, ఒకటి మనది. ఒక్కటితో అది తెరచుకొనదు.

అందులోను ఒక సంగతి తెలిసియుండవలయును. 2021 ఆగస్టులో రిజర్వుబ్యాంకు ప్రకటించిన నిబంధనల ప్రకారము, అగ్నిప్రమాదము, దొంగతనము, దోపిడి, కట్టడము కూలుట, బ్యాంకు ఉద్యోగుల మోసము వీనివలన లాకరులోని సొత్తు పోయినచో, బ్యాంకు బాధ్యత ఏడాది అద్దెకు 100 రెట్లవరకే. అద్దె 2000 రూపాయలైనచో 2 లక్షలకు మించి రాదు. లోపల నేమున్నదో బ్యాంకువారికి తెలియదు. కావున నగల పట్టికను, తూకములను, కొన్న రసీదులను ఇంటి సొరుగులో భద్రపరచుడు. లాకరును తెరచుటకు హక్కు మీ పేరనుకూడ నున్నదా, నామినీగా ఎవరి పేరు వ్రాయించినారు అన్నవి బ్యాంకునకు పోయినప్పుడు అడిగి తెలిసికొనుడు.

చెవి ఎవరిచేత?

ఇంటిదొంగను ఈశ్వరుడైన పట్టలేడని మన పెద్దలు చెప్పుదురు. తాళముననే వ్రేలాడు చెవికన్న మించిన ఇంటిదొంగ లేదు. చెవి తాళమునందే యున్నచో తాళము లేనట్లే. బీరువాపైననో, దేవుని పటము వెనుకనో దాచుటయు అంతియే. వెదకువాడు మొదట చూచు తావులవి. మారుచెవి తప్పక యుండవలయును. దానిని అదే సొరుగులో నుంచు నిల్లాండ్రు కలరు! అట్లుకాక, నమ్మకమైన మరియొక యింట, తల్లియొద్దనో తోబుట్టువుయొద్దనో, సీలుచేసిన కవరులో నుంచుడు. చెవి ఛాయాచిత్రమును ఎవరికిని పంపకుడు. దానిని చూచి చెవి చేయగల పనివారున్నారు.

మిక్కిలి బాధాకరమైన దింకొకటి. కోరుట్లలోనో జగిత్యాలలోనో ఒక యిల్లాలిని ఊహించుకొనుడు. భర్త గల్ఫునకు పోవునప్పుడు అలవాటుకొలది సొరుగునకు తాళమువేసి, చెవిని తనతోనే తీసికొనిపోయెను. అతని కాగితములన్నియు ఆ సొరుగులోనే యున్నవి. ఒకనాడు అక్కడ పనిచోట ప్రమాదము జరిగినదని ఫోను వచ్చును. అధికారులు పాస్‌పోర్టు సంఖ్య అడుగుదురు, కంపెనీ పేరు అడుగుదురు, భీమా కాగితము అడుగుదురు. ఆ యిల్లాలు దుఃఖములో నుండి, ఒకచేత ఫోనును, ఒకచేత సుత్తెయును పట్టుకొని సొరుగును పగులగొట్టవలసివచ్చును. ఆ స్థితి ఏ సోదరికిని రాకూడదు.

వలసపోవుటకు అనుమతి అవసరమైన పాస్‌పోర్టుతో పోవు శ్రామికులకు ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరి. ప్రమాదమున మరణించినను, శాశ్వతముగా అంగవైకల్యము కలిగినను 10 లక్షల రూపాయలవరకు అది రక్షణ నిచ్చును. 2024వ సంవత్సరమున తెలంగాణ ప్రభుత్వము, గల్ఫుదేశములలో మరణించిన శ్రామికుల కుటుంబములకు 5 లక్షల రూపాయల సహాయమును ప్రకటించెను. దానికి దరఖాస్తు జిల్లా కలెక్టరునకు పెట్టుకొనవలయును. జగిత్యాలయు రాజన్న సిరిసిల్లయు 2016 అక్టోబరునుండి వేర్వేరు జిల్లాలు. ఇట్టి సహాయములకన్నిటికిని కాగితములే ఆధారము. కావున ప్రయాణమునకు ముందురోజున భర్త పాస్‌పోర్టు, వీసా, ఉద్యోగపు ఒప్పందము, భీమాపత్రము, వీని నకళ్లను ఒక సంచిలో పెట్టించుకొని, ఆ సొరుగు చెవిని చేతికి తీసికొనుడు. అపనమ్మకముచేత అడిగినట్లు కాదు. ఇల్లు చూచుకొనువారు అడుగవలసిన మాటయే అది.

బీడీలు చుట్టు సోదరీమణులకును ఇదే మాట. 1976నాటి బీడీకార్మికుల సంక్షేమనిధి చట్టమునుబట్టి ఇచ్చు గుర్తింపుకార్డుతో వైద్యమునకు, పిల్లల చదువునకు సహాయములు కలవు. భవిష్యనిధి సంఖ్య మీ పేరున నున్నది. మీ వ్రేళ్ల కష్టమునకు సాక్ష్యము ఆ కాగితములే. అవి మామగారి పెట్టెలోనో, కార్ఖానా గుమాస్తాయొద్దనో ఉండిపోరాదు.

నగల విషయమున చట్టము స్పష్టముగా నున్నది. పెండ్లినాడు మీకు పెట్టిన నగలు స్త్రీధనము. అవి ఎవరి బీరువాలో నున్నను మీవే. 1985లో సుప్రీంకోర్టు, భార్య స్త్రీధనమును నమ్మి అప్పగించగా దానిని ఇయ్యక హరించుట నేరమగునని తీర్పు చెప్పెను. 2024 ఆగస్టులో తెలంగాణమునుండి పోయిన వ్యాజ్యములో అదే న్యాయస్థానము, స్త్రీధనమునకు ఆ స్త్రీయే యజమానురాలనియు, ఆమె జీవించియుండి తన వ్యవహారము తాను చూచుకొనగలిగినంతవరకు, ఆమె యనుమతి లేక తండ్రియైనను దానిని అడుగజాలడనియు నిర్ణయించెను. 2005నాటి గృహహింస నిరోధకచట్టమునుబట్టి, బాధింపబడిన స్త్రీ కోరినచో, మేజిస్ట్రేటు ఎదుటిపక్షమువారు బ్యాంకులాకరును తెరువకుండ ఆపగలడు, స్త్రీధనమును తిరిగి ఇప్పింపగలడు. అత్తగారు భద్రముకొరకు నగలు తనయొద్ద నుంచుకొనుట మన యిండ్లలో వాడుక. అత్తయు కోడలును ప్రేమగా నున్ననాడే పట్టిక వ్రాసి ఇద్దరును సంతకము చేసికొనుడు. కలహము వచ్చినపిదప వ్రాయు పట్టికను ఎవరును నమ్మరు.

మహిళాసంఘపు పెట్టెను గూర్చి ఒక్కమాట. డబ్బును వీలైనంతవరకు బ్యాంకులోనే వేయుడు. సమావేశమునాడు చేత మిగులు కొలదిసొమ్మునకు మాత్రము పెట్టె యుండవలయును. ఆ పెట్టెకు రెండుతాళములు వేసి, రెండు చెవులను ఇద్దరు సభ్యురాండ్రయొద్ద, పెట్టెను మూడవయామెయొద్ద నుంచుడు. బ్యాంకులాకరునకు రెండు చెవులెందుకో దీనికిని అందుకే. ఇట్లుండినచో ఏ యొక్కరిపైనను నింద పడదు. సంఘములు చీలునది డబ్బు పోయినందుకంటె, పోయినదేమో యన్న అనుమానమువలననే యెక్కువ.

సోదరీమణులారా, ఈ వారమున మధ్యాహ్నము తీరిక దొరకిన యొక గంట దీనికి కేటాయింపుడు. సొరుగులోనివన్నియు నేలపై పరచి, పట్టిక వ్రాసి, పైసొరుగు తీసి చేయి పెట్టి చూడుడు. తాళము మార్పవలసియున్నచో వడ్రంగికి కబురు పంపుడు. కొత్త తాళమునకు పట్టు ఖర్చు దాని వెనుకనున్నదానితో పోల్చిన ఏపాటి? ఆ పిమ్మట ఇంటిలో ఒక్క సొరుగైనను, దాని చెవి మీ కొంగున నుండునట్లు ఏర్పాటు చేసికొనుడు. మీ పేరున నున్న కాగితములు అందులో నుండవలయును. ఆ సొరుగెక్కడ నున్నదో, అందులో నేమున్నదో మీ పెద్దకుమార్తెకు కూడ చెప్పియుంచుడు.